ఒంట్లో నీరు, ఉప్పు: దవాఖానలో ఇంటివాళ్ల పని

మేము నర్సులం. మగ్గం ఇండ్లలో పుట్టి, కండెలు చుట్టుకుంటూ చదువుకున్నవాళ్లం. వార్షికోత్సవంలో ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని సమాఖ్యవాళ్లు అడిగారు. వార్డులో రోజూ చూసే సంగతే చెప్తాం.

మన పేటల్లో ఎవరికి నీరసం వచ్చినా ముందు వచ్చే మాట ఒకటే: "ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించుకొని వస్తే సరి." సీసా ఎక్కితే బలం వస్తుందని మన నమ్మకం. అరలీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. మిగతాదంతా నీళ్లే. ఉప్పు అసలుండదు. ఉప్పు ఉండేది సెలైన్‌లో. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేవి కావు.

ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. ఇంట్లో అరవై డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉంటాడు. బీపీకి, మూత్రం ఎక్కువ పోయేట్టు చేసే మాత్ర వాడుతుంటాడు. రెండు రోజులు విరేచనాలయ్యాయి. తిండి లేదు, వట్టి నీళ్లు తాగుతున్నాడు. మూడో రోజు కొడుకు పేరు పలకలేడు, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, లేకపోతే ముసలితనం అంటారు. చాలాసార్లు అది రక్తంలో సోడియం పడిపోవడం. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. 120కి దిగితే మనిషి మనిషిలా ఉండడు, ఫిట్స్ కూడా రావచ్చు. అట్లాంటి మనిషికి పరీక్ష లేకుండా గ్లూకోజ్ సీసా పెట్టిస్తే ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. బలం కోసం పెట్టించిన సీసానే ప్రాణం మీదికి తెస్తుంది.

మరి దవాఖానలో ఉప్పు ఎక్కించి గంటలో లేపకూడదా? కూడదు. రోజుల తరబడి పడిపోయి ఉన్న సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడు దెబ్బతినవచ్చు. రోజుకు ఎనిమిది, పది పాయింట్లు దాటకుండా చూస్తారు. అందుకే మాటిమాటికీ రక్తం తీస్తాం. "ఎన్నిసార్లు తీస్తరమ్మా" అని మా మీద కోపం చేయకండి.

ఇంకో సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. సీసా గొట్టానికి ఒక చిన్న చక్రం ఉంటుంది. చుక్కలు నెమ్మదిగా పడుతున్నాయని, తొందరగా అయిపోతే ఇంటికి పోవచ్చని, పక్కనున్నవాళ్లు ఆ చక్రం తిప్పేస్తారు. విరేచనాల రోగి సీసాలో పొటాషియం కలిపి ఉండొచ్చు. రక్తంలో అది 3.5 నుంచి 5 వరకే ఉండాలి. ఒక్కసారిగా ఎక్కిందంటే గుండె ఆగిపోతుంది. చెయ్యి మంటగా ఉందని రోగి అంటే మమ్మల్ని పిలవండి. చక్రం జోలికి మాత్రం పోవద్దు.

మీరు చేయగలిగింది, చాలాసార్లు మాకన్నా బాగా చేయగలిగింది, లెక్క రాయడం. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది. చాయ్, గంజి, మజ్జిగ, మాత్రతో తాగిన నీళ్లు అన్నీ లోపలి లెక్కే. మూత్రం, వాంతి, విరేచనం బయటి లెక్క. మూత్రానికి గీతలున్న మగ్గు ఇస్తాం, పారబోసే ముందు చూడండి. పెద్దవాళ్లకు 24 గంటల్లో 400 మిల్లీలీటర్లు కూడా రాకపోతే వెంటనే చెప్పాలి. పొద్దున్నే అదే తూకం మీద బరువు చూస్తాం. రాత్రికి రాత్రి ఒక కిలో తేడా వచ్చిందంటే అది మాంసం కాదు, ఒక లీటరు నీరు. ఒక వార్డులో ముప్పై మంచాలుంటే ఏ నర్సూ ప్రతి గిలాసా చూడలేదు. మంచం పక్కన కూర్చున్న కోడలికే తెలుస్తుంది.

ఇంటివాళ్ల చేతిలో ఎంత ఉందో 1971లోనే తేలింది. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ నిండిపోయింది, కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించారు. తాగించింది ఎక్కువగా తల్లులు, అక్కచెల్లెళ్లు. అప్పటిదాకా నూటికి ముప్పై మంది దాకా పోతుంటే, ఆ తర్వాత నలుగురి లోపుకు దిగింది. ఆయన 2022లో పోయారు, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆ నీళ్లే ఈనాటి ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు, దానికి సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లు. సగం ప్యాకెట్ గిలాసలో కలిపి పిల్లవాడికి పట్టడం మేము చూస్తూనే ఉన్నాం. అందులో ఉప్పు మరీ ఎక్కువై పిల్లవాడికి కీడు చేస్తుంది. పడుగుకు పెట్టే గంజి పలచనైతే పోగు తెగుతుంది, చిక్కనైతే అంటుకుపోతుంది. కొలత సంగతి మనకు ఇంకొకరు నేర్పాలా? చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, దాని మీద రాసినన్ని నీళ్లే పోయండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

రెండేళ్ల లోపు పిల్లకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. ఆశా అక్కను అడిగి జింకు మాత్రలు తెచ్చి, విరేచనాలు ఆగినా 14 రోజులు వేయండి. కళ్లు లోతుకు పోయి, పిల్ల మత్తుగా ఉండి తాగలేకపోతే, లేదా విరేచనంలో రక్తం పడితే, ఇంట్లో కూర్చోవద్దు.

దుకాణంలో ఓఆర్ఎస్ అని రాసి ఉన్న పళ్లరసం డబ్బాలు మీరూ కొనే ఉంటారు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, విరేచనాలను అవి ఇంకా పెంచుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి కొట్లాడారు, హైకోర్టుకు పోయారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అట్లాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట ఉండొద్దని ఆదేశం ఇచ్చింది. మన తెలుగు ఆడపడుచు గెలిచిన గెలుపు అది. అయినా ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసే కొనండి.

ఇక మగ్గం సంగతి. బీదరు ఎత్తు మీదుంది, ఎండ అంతగా తగలదనుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద గుంట మగ్గంలో కూర్చున్నవాళ్లను అడగండి! మన ఆడవాళ్లు లేవాల్సి వస్తుందని, మరుగుదొడ్డి దూరమని పొద్దంతా నీళ్లే తాగరు. మూత్రం ముదురు పసుపు అయిందంటే ఆలస్యమైందని అర్థం. మంచి గంజి మన ఇండ్లలోనే ఉంది, చిటికెడు ఉప్పేసి పడుగు మార్చినప్పుడల్లా ఒక గిలాస తాగండి. షెడ్డు దగ్గర మరుగుదొడ్డి అడగాల్సింది సంఘమే, ఈ సభలోనే అడుగుతున్నాం.

అయితే గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ మాటలు వర్తించవు. కిడ్నీ చెడినవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియమే విషం కావచ్చు. దవాఖానకు చూడపోయేటప్పుడు పలకరింపుగా కొబ్బరిబోండాం తీసుకుపోవడం మన అలవాటు. ముందు నర్సును అడగండి.

భోజనాల పందిరి పక్కన మా బల్ల ఉంది. లీటరు సీసా, చెంచా, ప్యాకెట్లు పెట్టాం. మీ చేత్తో ఒకసారి కలిపి, రుచి చూసి పోండి. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలుపుదాం.