ముసలోళ్ల తిండి దానం కాదు, హక్కు



జల్, జంగల్, జమీన్ హక్కుల గురించి మనం రోజూ మాట్లాడుకుంటాం. ఇయ్యాల ఇంట్లో ఉన్న ముసలోళ్ల హక్కు గురించి మాట్లాడుకుందాం. "అది పట్నపోళ్ల గోల, మన గూడేల్లో ఆ సమస్య లేదు" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. పింఛను పైసలు కూడా ముసలమ్మ చేతికి రాని ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి.

2007లో తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. సొంత సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లిదండ్రులను పిల్లలు పోషించాలి. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అన్నీ అందులోకే వస్తాయి. కొడుకుదే కాదు, కూతురిదీ బాధ్యతే. పిల్లల్లేని 60 ఏళ్లు దాటినవాళ్లను, వాళ్ల ఆస్తి అనుభవిస్తున్న బంధువు చూసుకోవాలి.

కోర్టుకు పోనక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా ఉంటారు. రాజీ కుదిర్చే ప్రయత్నం కూడా ఉంటుంది, మన కులపెద్దలు చేసినట్టే. కుదరకపోతే నెలకు 10,000 రూపాయల వరకు ఇమ్మని ఆర్డర్ వేయొచ్చు. నోటీసు ఇచ్చాక 90 రోజుల్లో తేల్చాలి. ఆర్డర్‌ను ఎగ్గొడితే నెల వరకు జైలు.

కూలోడి దగ్గర పదివేలు ఎక్కడివి అంటారు. నిజమే, అది గరిష్ఠం మాత్రమే. నాకు కోపమంతా మన ఉద్యోగస్తుల మీదే. ఇప్పపువ్వు ఏరి చదివించిన తల్లిని గూడెంలో వదిలేసి పట్నంలో ఇల్లు కడతారు!

ఇక భూమి సంగతి. అటవీ హక్కుల పట్టా వారసులకు వస్తుంది గానీ బదిలీకి వీల్లేదు. పెళ్లయినవాళ్లకు ఆలుమగలిద్దరి పేరునా ఇవ్వాలి. అయ్య బతికుండగా "నా పేరున రాయి" అని వేలిముద్ర వేయించుకుంటే అది చెల్లదు. మిగతా భూమో ఇల్లో పిల్లలకు రాసిచ్చేటప్పుడు, "నన్ను చూసుకోవాలి" అన్న షరతు కాగితంలో ఉండాలి. అప్పుడు చూడకపోతే సెక్షన్ 23 కింద ఆ కాగితాన్ని రద్దు చేయించొచ్చు. షరతు లేదనే 2022లో సుప్రీంకోర్టులో ఒక తల్లి ఓడిపోయింది.

ముసలమ్మ తనంతట తాను పెట్టుకోలేకపోతే, ఆమె ఒప్పుకున్న ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. అంటే మీరే. ఆమె గోడు కోయలోనో గోండిలోనో వినండి, తెలుగులో రాయండి, వేలిముద్ర వేయించే ముందు మళ్లీ ఆమె భాషలోనే చదివి వినిపించండి. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.