రెండో బ్యాటరీ, రెండు ఫ్యూజులు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా కేసు తీర్పును తలుచుకుంటాం, డి.ఏ. బకాయిల గురించి బాధపడతాం. ఈసారి కార్యదర్శిగారు, "అబ్బాయి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళొచ్చారు గదా, అక్కడి విశేషాలు చెప్పండి" అన్నారు. విశేషాలదేముంది, ఫోటోల్లో చూస్తూనే ఉన్నారు. నేను ఒక వైరు సంగతి చెబుతాను. గుమాస్తాకు కరెంటు గొడవ ఎందుకని నవ్వకండి. ఇది భయపడి నేర్చుకున్న విద్య.

2023 జనవరిలో మేము మెల్‌బోర్న్‌లో మా రెండోవాడి దగ్గర ఉన్నాం. మనకు సంక్రాంతి చలి, వాళ్ళకు నడివేసవి. వాడొక పాత వ్యాను కొని లోపల పడక, చిన్న పొయ్యి, 12 వోల్టుల ఫ్రిజ్ అమర్చుకున్నాడు. క్యాంపర్ వ్యాన్ అంటారు. సముద్రం పక్కన గ్రేట్ ఓషన్ రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగొద్దామన్నాడు. మా ఇంటావిడకు ఇన్సులిన్ ఉంది. వాడకం మొదలుపెట్టని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుచేత ఫ్రిజ్ రాత్రంతా నడవాల్సిందే.

నడిచింది. తెల్లవారి ఇంజను మాత్రం స్టార్టు కాలేదు. పక్క వ్యానువాళ్ళు కేబుళ్ళు తగిలించి పుణ్యం కట్టుకున్నారు.

ఇంజను బ్యాటరీ కొద్ది సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి తయారుచేసింది. రాత్రంతా కొద్దికొద్దిగా ఇవ్వడం దానికి పడదు. ఆ ఫ్రిజ్ నడిచేటప్పుడు 4 ఆంపియర్లు లాగుతుంది, ఆగుతూ నడుస్తూ రాత్రికి ఇరవై పాతిక ఆంపియర్-అవర్లు తింటుంది. అందుకని మావాడు ఇంటికొచ్చాక 100 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ ఒకటి వ్యాను వెనక పెట్టాడు. సీసపు బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు గనుక ఆ లెక్క. రెంటికీ మధ్య ఒక రిలే. ఇంజను నడుస్తుంటే రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, ఆగితే విడదీస్తుంది. ఇంజను బ్యాటరీ దగ్గర 60 ఆంపియర్ల ఫ్యూజు కూడా పెట్టాడు. వాడు ఇంజనీరే, కాకపోతే కంప్యూటర్ల ఇంజనీరు.

రెండోసారి బయల్దేరాం. గంటన్నర పోయాక వెనక సీటు కింద నుంచి కాలిన వాసన, ఆపైన పొగ. వాడు బండి పక్కకు ఆపాడు. నేను మా ఇంటావిడను దించాను. వాడు స్పానరు తీసుకుని వెనక బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాడు. అప్పటికి పొగ తగ్గింది. చేతులు మాత్రం ఇద్దరికీ చాలాసేపు వణికాయి.

జరిగిందేమిటంటే, వైరు సీటు ఇనుప చట్రానికి ఒరుసుకుని, తొడుగు అరిగి, రాగి బయటపడింది. ముందువైపు ఫ్యూజు తన పని తాను చేసి కాలిపోయింది. కాని వెనక కొసన ఇంకో బ్యాటరీ ఉంది గదా! అది ఆ వైరులోకి కరెంటు తోస్తూనే ఉంది. ఆపేవాడు లేడు.

మర్నాడు వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ నా ఈడువాడే. ఆయన ఒక్క మాట అడిగాడు: "ఈ వైరుకు కరెంటు ఎన్నివైపుల నుంచి వస్తుంది?" మా అబ్బాయి తల దించుకున్నాడు. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్‌ను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. కాబట్టి వైరు మోయగలిగిన దానికంటే ఫ్యూజు తక్కువ ఉండాలి. బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న ముక్కకు ఏ రక్షణా లేదు. రెండు బ్యాటరీలున్నచోట రెండు కొసలా ఉండాలి. ట్రెజరీలో మంజూరును మించిన బిల్లు కౌంటరు దగ్గరే ఆగిపోయేది. రెండు కౌంటర్లున్న ఆఫీసులో ఒక్కదానికే గుమాస్తాను కూర్చోబెట్టినట్టయింది మావాడి పని. పూర్వం మనమూ ఇంట్లో ఫ్యూజు పోతే ఏ రాగితీగ దొరికితే అది చుట్టేవాళ్ళం. దేవుడు కాపాడాడు.

ఆయన 16 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు గొట్టంలో వేసి, రేకు రంధ్రం దగ్గర రబ్బరు బుష్ పెట్టి, కొసలకు లగ్గులు గట్టిగా నొక్కి బిగించాడు. పని మొదలుపెట్టే ముందు నా చేతి ఉంగరం కూడా తీయించాడు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర. స్పానరు పొరపాటున బాడీకి తగిలినా నిప్పు రాకుండా ఉండటానికి. లిథియం బ్యాటరీ పెట్టుకుంటే ఈ రిలే చాలదని, అది మితిమీరి లాగి ఆల్టర్నేటరును వేడెక్కిస్తుందని, కరెంటును అదుపులో ఉంచే వేరే ఛార్జరు కావాలని కూడా చెప్పాడు.

మనకు క్యాంపర్ వ్యాన్లు లేవు, ఇన్వర్టర్లున్నాయి. తిరిగొచ్చాక మా ఇంట్లో బ్యాటరీ మూల వంగి చూశాను. పాజిటివ్ వైరుకు ఫ్యూజు లేదు. 900 వి.ఏ. ఇన్వర్టరు నిండు లోడు మీద 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ కుర్రవాణ్ణి పిలిపించి ఫ్యూజు పెట్టించాను. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. బ్యాకప్ చాలడంలేదని రెండో బ్యాటరీ జోడించేవాళ్ళు పాతదానికి కొత్తదాన్ని కట్టకండి. ఒకే వయసు, ఒకే కెపాసిటీ ఉండాలి. నీళ్ళు పోసే బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దేవుడి దీపం ఆ గదిలో వద్దు, కిటికీ తెరిచి ఉంచండి.

ఆ కాలిన వైరు ముక్క జానెడు సూట్‌కేసులో తెచ్చుకున్నాను. మా ఇంటావిడ పారేయమంటోంది. టీ బల్ల మీద పెడతాను, చూడండి. సెలవు.