మితవ్యయము – పడవ బ్యాటరీలు
(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)

శబ్దమంజరి వల్లె వేయించి బ్రతికిన వృద్ధోపాధ్యాయులము మేము. పడవ బ్యాటరీలను గూర్చి మేము పలుకుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. అందుచే ముందు మా తప్పును మేమే చెప్పుకొందుము.

మా తమ్ముని కుమారుడు మరపడవకు బ్యాటరీలు మార్చవలసివచ్చి మమ్ము సలహా యడిగెను. చేత సొమ్ము తక్కువ. ‘వెల తక్కువదే కొనుము, నాయనా’ యంటిమి. అతడు లారీకి వేయు జాతి బ్యాటరీ నొకదానిని కొని, ఇంజను త్రిప్పుటకును, రాత్రి దీపములకును, వైర్‌లెస్సునకును దానినే వాడెను. ఒకనాటి వేకువను నడిసముద్రమున ఇంజను లేవలేదు, వైర్‌లెస్సు పలుకలేదు. తోడి పడవవారు మోకు కట్టి లాగుకొని వచ్చువఱకు మా మఱదలు రేవు విడువలేదు. ఆ దినమునుండి మేమీ విషయమున మరల విద్యార్థులమైతిమి.

ఇంజను లేపు బ్యాటరీలో సీసపు పలకలు పలుచన. అది క్షణకాలము మిక్కిలి బలము చూపును. రాత్రులెల్ల దీపములకు ధారవోసినచో త్వరలో చెడును. దీపములకు దళసరి పలకల బ్యాటరీ వేఱుగా నుండవలయును. ఒకదాని సొమ్ము నొకటి తినరాదు.

ఎంతటిది కొనవలయును? పది వాట్ల దీపములు నాలుగు పది గంటలు వెలిగినచో, 12 వోల్టులపై సుమారు 33 ఆంపియర్ అవర్లు వ్యయమగును. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడుట దానికి హాని. కావున 67కు తక్కువ పనికిరాదు; వైర్‌లెస్సు, జీ.పీ.ఎస్. కూడ చేర్చినచో 100 ఉచితము. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు తేలిక, దీర్ఘాయువులు. కాని మొదటి వెల హెచ్చు, ఛార్జింగు ఏర్పాటును దానికి తగినట్లు మార్చవలయును.

కొనుటకు ముందు పాతదానిని పరీక్షింపుడు. తీగల మొనలకు పట్టిన ఉప్పును, చిలుమును తుడువుడు. నిండ ఛార్జి చేసి, కొన్ని గంటలు కదపక యుంచి కొలిచినచో 12.6 వోల్టులు చూపవలయును. హైడ్రోమీటరుతో ఆఱు గదులను చూడుడు. ఒక గది మిక్కిలి తగ్గియున్న నది చెడినట్లే. క్రొత్తదానిని పాతదానితో జత కట్టకుడు. పాతది క్రొత్తదానిని తనవెంట క్రిందికి లాగును.

మఱియొక రహస్యము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు వేట నిషేధము. ఆ 61 దినములు రిక్తముగా పడియుండిన బ్యాటరీ పలకలపై స్ఫటికములు గట్టిపడి దానిని చంపును. పడవ నొడ్డు చేర్చిననాడే నిండ ఛార్జి చేయుడు. నెలకొకమారు మరల చేయుడు. డిస్టిల్డు వాటరు తప్ప వేఱు నీరు పోయకుడు.

మితవ్యయము వేఱు, లోభము వేఱు. ఆఱువేలది యొక యేడు, పండ్రెండువేలది నాలుగేండ్లు పనిచేసినచో చవుక యేదో మా మూడవ తరగతి బాలుడును చెప్పును. వెలను ఏండ్లతో భాగింపుడు. ఆ లెక్కలో ఇంటికడ దీపము పెట్టుకొని కూర్చున్న తల్లిని మఱువకుడు. సెలవు.