రథోత్సవం ఫొటోలు తీసే పిల్లలకు మా మాట

 

శ్రావణ పున్నమికి మన సోలాపూర్‌లో మార్కండేయ మహాముని రథం కదుల్తది. ఆ పొద్దు జంధ్యాలు మార్చుకుంటం, ఆపైన ఊరేగింపు. బండి మీద మగ్గం పెట్టి గుడ్డ నేస్తరు. కెమెరాలన్నీ దాని చుట్టే. మాకు సంతోషమే.

కానీ ఒక సంగతి చెప్పాలె. మా సంఘంలో ఒక పెద్దాయన నేస్తుంటే ఎవరో ఫొటో తీసుకపోయిన్రు. మరుసటి ఏడు ఒక దుకాణం బోర్డు మీద అదే ఫొటో కనబడ్డది. లోపల చేనేత అని చెప్పి అమ్మేది పవర్‌లూమ్ చీరలు. "నా మొగం పెట్టి అబద్ధం అమ్ముతున్నరు" అని ఆయన బాధపడ్డడు. మేము పోయి అడిగితే బోర్డు తీసేసిన్రు. పోయిన నమ్మకం వాపసు వస్తదా?

అందుకే మూడు మాటలు చెప్తున్నం. ఒకటి, అడిగి తీయండి. రెండు, ఫొటో కింద నేసినవాళ్ల పేరు, ఊరు రాయండి, వాళ్లింటికి ఒక కాపీ ఇయ్యండి. మూడు, మొగం ఒక్కటే చాలదు. నాడె విసిరే చెయ్యి, కింద తొక్కే కాళ్లు, అతికే పోగు గూడ తీయండి. 2006 నుంచి చేనేత గుర్తు ఉన్నది. బట్ట మీద అది ఉంటే ఫొటోలో పడేటట్టు చూడండి. కొనేవాళ్లకు తేడా తెలుస్తది.

మన పిల్లలు మగ్గం దిగి వేరే పనులకు పోతున్నరు. పోనీయండి. కెమెరా పట్టినా మన పని పేరు నిలబెట్టండి. అదే మేము కోరేది.

జై మార్కండేయ.