రైలు పనివారు – వారి సంఘములు

పలాస స్టేషనులో దిగి కాశీబుగ్గకు పోవు ప్రయాణికునకు రైలనిన టిక్కెట్టు, గంట, ఈల మాత్రమే. ఆ బండిని నిలువబెట్టిన పనివారి చరిత్రను నేడు కొంచెము మనవి చేసెదను.

1893 – 1896 సంవత్సరముల నడుమ బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము నిర్మింపబడెను. 1902లో దాని ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ కంపెనీ వశమయ్యెను. ఆ కంపెనీ పెద్ద కార్ఖానా ఖరగ్‌పూరున నుండెను. గంజాము, విశాఖపట్టణము మండలముల నుండి తెలుగువా రనేకులు పొట్ట చేత బట్టుకొని అచ్చటికి పోయి, కొందరు ఖలాసీలుగను, కొందరు ఫిట్టర్లు, టర్నర్లుగను కుదురుకొనిరి. నేటికిని ఆ యూర తెలుగు వినబడుటకు కారణ మిదియే.

ఫిట్టరు ఒక్కనాట తయారగువాడు కాడు. ఆకురాయి పట్టుట నేర్చుటకే ఏండ్లు గడచును. అట్టివానిని తీసివేసి మరునాడే వేరొకని నిలుపుట కంపెనీకి సులభము కాదు. నేర్పరికి గల బలమిదియే. అతనికి గల ఆశయు నిదియే. తన నేర్పును జూపి తానొక్కడే బేరమాడుకొనవచ్చునని అతనికి తోచుట సహజము. 1897లో మన దేశమున వెలసిన మొదటి రైల్వే ఉద్యోగుల సంఘము ముఖ్యముగా ఐరోపీయులకును, ఆంగ్లో-ఇండియనులకును చెందినది. డ్రైవరు, గార్డు వంటి మంచి కొలువులు నాడు వారివే. కార్ఖానాలోని భారతీయునకు ఆ గొడుగు క్రింద నీడ లేకపోయెను.

1926లో కార్మిక సంఘముల చట్టము వచ్చినది. మరుసటి యేడే ఖరగ్‌పూరున పరీక్ష యెదురయ్యెను. 1927 ఫిబ్రవరిలో సమ్మె జరిగెను, కాల్పులును జరిగినవి. సెప్టెంబరులో కంపెనీ వేయిమందికి పైగా పనివారిని తొలగింపబూనగా మరల కలత రేగెను. కంపెనీ కార్ఖానా తలుపులు మూసెను. డిసెంబరు వరకు ఆ పోరు సాగినది. నేర్పరియు, ఖలాసీయు ఒక్క సంఘమున నిలిచిరి. నిలువక తప్పదు. పదిమంది ఖలాసీలు ఎత్తనిదే బాయిలరు కదలదు. బాయిలరు కదలనిదే ఫిట్టరు నేర్పునకు పని లేదు.

ఆ సంఘమునకు నాయకులు బరంపురమున 1894లో జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు. డబ్లినులో న్యాయశాస్త్రము చదివిన ఆ ప్లీడరు, 1937లో మదరాసు రాజ్యమున కార్మికశాఖ మంత్రియు, 1969లో రాష్ట్రపతియు నయిరి.

విధి చిత్రమైనది. 1973లో ఇంజను నడపువారు తమ ప్రత్యేక సంఘముతో సమ్మె చేసి, పనిగంటలు పదికి తగ్గింతుమను మాట పొందిరి. 1974 మే 8న రైలు కార్మికులందరు కలిసి సమ్మెకు దిగగా, వేలకొలది జనులు చెరసాలల పాలైరి. మే 27న సమ్మె విరమింపబడెను. ఆనాడు రాష్ట్రపతి పీఠమున నున్నవారు ఖరగ్‌పూరు గిరిగారే!

ఒంటరి నేర్పునకు గెలుపు త్వరగా రావచ్చును. అందరి ఐకమత్యమునకు ఓటమియు రావచ్చును. ఇది దాచదగిన సత్యము కాదు. అయినను ఒక్క మాట. తన నేర్పునకు వెల కట్టించుకొనిన పనివాడు, తన ప్రక్కన బరువు మోయువాని చెమటకు వెల లేదనిన, ఆ సంఘమునకు పేరు మిగులును గాని ప్రాణము మిగులదు. ఈల విని బండి యెక్కునప్పుడు శ్రోత లీ సంగతి తలచుకొందురుగాక.