క్లిప్‌లెస్ పెడల్స్: పెట్టడం కాదు, తీయడం నేర్చుకోండి

ఇవాళ క్లిప్‌లెస్ పెడల్స్ గురించి మాట్లాడుకుందాం. షూ అడుగున క్లీట్ ఉంటుంది, అది పెడల్‌లో టక్కుమని పడుతుంది, ఇక కాలు పెడల్‌కి అతుక్కున్నట్టే. మరి ఇంత గట్టిగా పట్టుకునేదాన్ని క్లిప్ "లెస్" అనడమేంటి? పాతరోజుల్లో రేసర్లు పెడల్ ముందు పంజరంలాంటిది బిగించి, పాదాన్ని పట్టీతో కట్టుకునేవాళ్లు. దాని పేరు టో క్లిప్. అది లేదు కాబట్టి క్లిప్‌లెస్. 1984లో లుక్ అనే ఫ్రెంచ్ కంపెనీ, మంచు మీద జారే స్కీ బూట్లను పట్టుకునే ఐడియాని సైకిల్‌కి తెచ్చింది. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఇక మిగతావాళ్లూ అటే వెళ్లారు.

ఇప్పుడు అసలు మాట. కాలు పెట్టడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. తీయడమే విద్య. మామూలు పెడల్ మీద మనకి పుట్టిన అలవాటు ఏంటి? ఆగాలంటే కాలు పైకి లేపుతాం. ఇక్కడ పైకి లాగితే రాదు గాక రాదు. మడమ బయటికి తిప్పాలి. ఈ ఒక్క ముక్క బుర్రకి కాదు, కాలికి తెలియాలి.

అందుకే స్పీడ్‌లో ఎవరూ పడరు. ఆగేటప్పుడు, జీరో స్పీడ్‌లో, నరికిన చెట్టులా పక్కకి ఒరిగిపోతారు. చూసేవాళ్లకి కామెడీ. కానీ ఎటు పడుతున్నారు అన్నదే ప్రశ్న. మనం రోడ్డుకి ఎడమ పక్కన వెళ్తాం. ఎడమకి పడితే ఫుట్‌పాత్, మోచేయి గీసుకుంటుంది. కుడికి పడితే వెనకాల వచ్చే బండి కింద. మా తమ్ముడు వారం ప్రాక్టీస్‌కే ఆఫీసుకి వేసుకెళ్తానన్నాడు. "వద్దురా, ఇంకో పది రోజులు ఆగు" అన్నాను, వినలేదు. సిగ్నల్ దగ్గర "అన్నా, కాలు రావట్లేదు!" అని అరుస్తూనే కుడికి ఒరిగాడు. వెనక బస్సు డ్రైవర్ చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత నెలరోజులు మామూలు పెడల్సే.

కాబట్టి రూల్: ఎప్పుడూ ఎడమ కాలే ముందు తీయండి. బ్రేక్ వేశాక కాదు, ముందే. సిగ్నల్ ఇరవై ముప్ఫై మీటర్ల దూరంలో ఉండగానే తీసేసి, ఒంటి కాలితో నెమ్మదిగా వెళ్లండి. ఆగేముందు గేర్ తేలిక చేసుకోండి, మళ్లీ కదలడం సులువు. ఆగాక బరువంతా ఎడమకే ఉంచండి.

ప్రాక్టీస్ ఇంట్లోనే మొదలెట్టండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. ఒక్కో కాలు ముప్ఫై సార్లు పెట్టండి, తీయండి. పెడల్ కింద ఉన్నప్పుడు తిప్పితే ఈజీగా వస్తుంది. బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి. తర్వాత గడ్డి ఉన్న గ్రౌండ్. ఆ తర్వాత బండ్లు లేని రోడ్డు. హైదరాబాద్ వాళ్లకైతే ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్ కింద సైకిల్ ట్రాక్ ఉంది, నేర్చుకునేవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

ఏది కొనాలి? రెండు బోల్టుల రకం తీసుకోండి, అదే ఎస్‌పీడీ. క్లీట్ షూ లోపలికి దిగి ఉంటుంది, దిగి టీ కొట్టుదాకా నడవొచ్చు. మూడు బోల్టుల రోడ్ క్లీట్ వేసుకుని టైల్స్ మీద నడిస్తే బాతు నడకే. షిమానోలో ఎస్‌హెచ్ 56 అనే క్లీట్ ఎక్కువ దిశల్లో వదులుతుంది, కొత్తవాళ్లకి అది మంచిది.

పెడల్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, ఎక్కువగా 3 ఎంఎం ఎలెన్ కీ పడుతుంది. మైనస్ వైపు తిప్పి పట్టు బాగా లూజ్ చేసుకోండి. క్లీట్ బోల్టులు మాత్రం దీనికి రివర్స్, టైట్‌గా ఉండాలి. అవి వదులైతే షూ తిరుగుతుంది, క్లీట్ తిరగదు, అంటే కాలు బయటికి రానే రాదు. రైడ్‌కి ముందు ఒకసారి చూసుకోండి. వానాకాలంలో బురద కూడా తీసేయండి. మోకాలు నొప్పి పెడితే ఓర్చుకోకండి, క్లీట్ కోణం కొంచెం మార్చి చూడండి.

ఇవి వేసుకుంటే పవర్ అమాంతం పెరిగిపోతుందంటారు చూడండి, నేనైతే నమ్మను. పాదం జారదు, గతుకుల్లో, లేచి తొక్కేటప్పుడు నమ్మకంగా ఉంటుంది, అంతే. రోజూ ట్రాఫిక్‌లో పది కిలోమీటర్లే తొక్కేవాళ్లకి ఫ్లాట్ పెడల్సే హాయి.

సరే, గోడ దగ్గర ముప్ఫై సార్లు. మొదలెట్టేయండి. ఉంటాను మరి.