వెండిపై మీనాపని - తొలి పాఠము



వెండినగపై నీలిపువ్వు నిగనిగలాడుట చూచి, అది రంగుపూత యని పలువురు తలంతురు. అది పూత గాదు, గాజు. రంగుగాజును మెత్తగా నూరి, లోహముపై పఱచి, కొలిమిలో కరగించి అంటించుటయే మీనాపని. కోబాల్టు కలిసిన గాజు నీలముగను, రాగి కలిసినది పచ్చగను ఉండును.

ఈ విద్యకు జయపురము పేరెన్నిక గన్నది. పదునాఱవ శతాబ్దమున రాజా మానసింహుడు లాహోరునుండి పనివారిని రప్పించెనని అచ్చట ప్రతీతి. అచ్చటి సంప్రదాయమున ఒక నగ పలువురి చేతులు దాటును. ఒకరు చిత్తరువు వ్రాయుదురు, ఒకరు నగను చేయుదురు, వేఱొకరు చెక్కుదురు, మీనాకారుడు రంగు నింపును, మఱియొకరు మెఱుగుపెట్టుదురు. కొత్తగా నేర్చువాడు ఇన్ని పనులును తానొక్కడే చేయవలెను. కావున తొలినగ చిన్న బిళ్ళయైన చాలును. దానికి అతుకు వలదు. వ్రేలాడదీయుటకు ఒక రంధ్రము చాలును. అతుకుపెట్టిన టంకము కొలిమి వేడికి కరగి ఊడవచ్చును.

తొలి బిళ్ళలు పెక్కు చెడునది నిప్పులో గాదు, నిప్పునకు ముందే. మొదటిది వెండి యెన్నిక. నూటికి 92.5 పాళ్ళ వెండిలో తక్కినది సాధారణముగా రాగి; అది కాలి నల్లబడి రంగును మసకపఱచును. మేలిమి వెండియే మేలు. ఎఱుపు బంగారముపై వెలిగినట్లు వెండిపై వెలుగదు. కావున నీలముతోనో పచ్చతోనో మొదలిడవలెను.

రెండవది శుభ్రత. తోమిన బిళ్ళపై నీరు ఏకముగా పఱచుకొనిన జిడ్డు పోయినట్లు. బొట్లుగా నిలిచిన పోనట్లు. గాజుపొడిని బియ్యము కడిగినట్లు, నీరు తేటపడువఱకు కడుగవలెను. మూడవది ఆరుట. తడి యేమాత్రము మిగిలినను ఆవిరి పొడిని చిమ్మివేయును.

అటుపిమ్మట కొలిమి. సుమారు 750 మొదలు 850 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కొలది నిమిషములు చాలును. పొడి మొదట పంచదారవలె గరుకుగను, పిదప నారింజతొక్కవలె గుంటలుగుంటలుగను, తుదకు అద్దమువలెను అగును. మేలిమి వెండి 962 డిగ్రీలకు కరగును గనుక అంతకు మించి ఆశపడరాదు. వెలికి తీసిన బిళ్ళను నీట ముంచిన గాజు పగులును. మందముగా ఒకేసారి నింపినను పగులును; పలుచగా రెండు మూడు మారులు నింపి కాల్చవలెను. రేకు పలుచనిదైనచో వెనుకప్రక్కను గూడ గాజు పూయవలెను, లేనిచో వంగిపోవును.

ఒక హెచ్చరిక. కొన్ని మీనాగాజులలో సీసము కలదు. పొడి పీల్చుట ప్రమాదము. సీసము లేని గాజు నేడు దొరకును, దానినే కొనవలెను. ముక్కునకు ముసుగు ధరించి, తడిపియే నూరవలెను, వంటపాత్రలను వాడరాదు.

కరీంనగరము వెండి తీగపనికి ప్రసిద్ధము. వెండిని తీగగా సాగదీయు ఓర్పు తెలుగు చేతులకు కొత్త గాదు. రంగుగాజుకు వలయునదియు ఆ ఓర్పే. పుస్తకము కొలతలను చెప్పగలదు. నీరు తేటపడినదో లేదో కన్నే చెప్పవలెను. చెడిన తొలి బిళ్ళను పాఱవేయక దాచుకొనవలెను. పగులు ఎచ్చట వచ్చినదో చూచి, కారణము వెదకి, రెండవ బిళ్ళను చేయువాడే పనివాడగును.